చదువు కోసం వచ్చిన పిల్ల

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి ఎదురుగా మేడమ్ అనేవారు, వెనక మూడేళ్ళావిడ అనేవారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. "పోన్లే, ముసలావిడ అనలేదు కదా" అని నవ్వేసేది.

ఆ పేరు పనివల్ల వచ్చింది. యూనివర్సిటీలో సీటు వచ్చిన పిల్లలు ఏ లెక్కన ఫీజు కట్టాలో తేల్చడం ఆవిడ ఉద్యోగం. ఈ దేశాన్ని ఇల్లుగా చేసుకున్నవాళ్ళకు ఒక ఫీజు, బయటినుంచి వచ్చినవాళ్ళకు దానికి మూడింతలు. ఎవరు ఇక్కడివాళ్ళు, ఎవరు బయటివాళ్ళు అన్నది పుట్టిన ఊరునుబట్టో పాస్‌పోర్టు రంగునుబట్టో తేలదు. కోర్సు మొదలయ్యే ముందు మూడేళ్ళు ఇక్కడే కాపురం ఉండాలి. ఊరికే ఉంటే చాలదు. ఆ మూడేళ్ళూ చదువు కోసమే వచ్చి ఉన్నట్టయితే అవి లెక్కలోకి రావు. అందుకే కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళనీ ఆవిడ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఈ మూడేళ్ళూ ఎక్కడున్నారు, ఏ పని మీద ఉన్నారు?"

అడ్మిషన్ల భవనంలో కింది అంతస్తు, మెట్ల పక్కన ఇరుకు గది. ఎవరు మెట్లు దిగినా గోడమీది క్యాలెండరు ఊగేది. చలికాలంలో హీటరు వేస్తే కాలిన దుమ్ము వాసన వచ్చేది, వెయ్యకపోతే వేళ్ళు కొంకర్లు పోయేవి. ఆ గదిలో ఇరవై ఏళ్ళకు పైగా కూర్చుని ఆవిడ ఎందరి కథలు విన్నదో చెప్పలేం. ఓడలో వంటవాడుగా పనిచేసే ఒకాయన కూతురిని మొదట బయటి పిల్లగా లెక్కవేశారు, తండ్రి ఉద్యోగం కోసం కుటుంబం రెండేళ్ళు వేరే దేశపు రేవులో ఉందని. ఈవిడే ఓడ కంపెనీకి ఫోన్లమీద ఫోన్లు చేసి, అది తాత్కాలికంగా వెళ్ళిన పనేననీ ఇల్లు మాత్రం ఇక్కడే ఉందనీ రుజువు తెప్పించి, ఆ పిల్లను లోకల్‌గా మార్పించింది. వంటవాడు చేతులు పట్టుకుని ఏడ్చాడు. మరోసారి ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, బయటి ఫీజు వేశారని గదంతా అదిరేలా అరిచాడు. "నీకు పిల్లలుంటే తెలిసేదమ్మా" అన్నాడు వెళుతూ వెళుతూ. ఆవిడకు పిల్లలు లేరు. అయినా ఆ మాటను ఇంటిదాకా మోసుకెళ్ళలేదు. టీ కప్పుతోపాటు అక్కడే కడిగేసింది.

ముక్కుసూటి మనిషి. అయినవాళ్ళని ఒకలాగా కానివాళ్ళని ఒకలాగా చూడదని పేరు. ఆ పేరంటే ఆవిడకు ప్రాణం.

ఇంట్లో ఆవిడా భర్తా ఇద్దరే. ఆయన లిఫ్టు మెకానిక్. "ఈ ఊళ్ళో సగంమందిని పైకి తెచ్చింది నేనే" అని అందరితోనూ అనేవాడు. ఎప్పుడూ చేతులకు గ్రీజు వాసన, నోట్లో ఏదో ఒక కూనిరాగం. రెండు గదుల ఇల్లు, వీధివైపు కిటికీ, కింద బట్టల దుకాణం. లోటు ఉంటే ఉంది కానీ దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశారు.

అలాంటి ఇంటికి పద్నాలుగేళ్ళ పిల్ల వచ్చింది, ఆవిడ అక్క కూతురు.

అక్క వేరే దేశంలో ఉండేది. జబ్బుచేసి, కొన్ని నెలలకే పోయింది. పిల్ల తండ్రి చాలాకాలం కిందటే వేరే పెళ్ళి చేసుకుని వేరే ఊళ్ళో ఉంటున్నాడు. ఫోన్ చేస్తే, "నేను తీసుకెళ్ళలేనండీ, ఇక్కడ ఒప్పుకోరు. మీరు ఏ కాగితం పంపినా సంతకం పెడతాను" అన్నాడు. అంతే. ఆ పిల్లకు ఇంక ఈ భూమ్మీద పిన్నీ బాబాయీ తప్ప ఎవరూ లేరు.

ఏ దారిలో తీసుకురావాలన్నది ఆవిడకు కొట్టినపిండి. దత్తత తీసుకోవచ్చు, కానీ రెండు దేశాల కోర్టులు తిరగాలి, ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఆ లోపల పిల్ల ఎక్కడుంటుంది? స్కూల్లో చేర్పించి విద్యార్థి వీసా పెట్టిస్తే కొన్ని వారాల్లో వచ్చేస్తుంది.

"ముందు పిల్లని రానివ్వండి. మిగతావి తర్వాత చూసుకుందాం" అంది భర్తతో.

వచ్చిన కొత్తల్లో ఆ పిల్ల పిట్టంత తినేది. కానీ కోటు జేబులు చూస్తే బిస్కెట్లు, రొట్టెముక్కలు, చక్కెర పొట్లాలు. రేపు ఉంటుందో ఉండదో అన్నట్టు దాచుకునేది. బాబాయి అది చూసి తిట్టలేదు. మర్నాటి నుంచి తనే రెండు బిస్కెట్లు ఆ జేబుల్లో వేసి, "ఏం ఉడుతా, గోదాము నిండిందా?" అనేవాడు. అప్పటినుంచీ ఇంట్లో ఆమె ఉడుత. కొన్నాళ్ళకు జేబుల్లోకి బిస్కెట్ల బదులు రాళ్ళు రావడం మొదలైంది. రోడ్డు తవ్వినచోట, కాలవ గట్టున, కొత్త ఇళ్ళు కడుతున్నచోట ఏరుకొచ్చేది. ఏ రాయి ఎలా పుట్టిందో బాబాయికి పాఠం చెప్పేది. ఆయన అర్థమైనట్టు తలూపేవాడు. కిటికీ అంచున గుడ్డ ఆరేయడానికి చోటు లేకుండా పోయింది.

"ఇల్లా, క్వారీనా ఇది?" అని పిన్ని కసిరేది. కసిరి, ఆ రాళ్ళ మీద దుమ్ము తనే తుడిచేది.

ఏడాది గడిచింది. వీసా పొడిగించాల్సి వచ్చింది. భర్త అడిగాడు, "ఆ దత్తత సంగతి ఏమైంది?"

"చూద్దాం. స్కూల్లో ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది కదా."

మరుసటేడూ అడిగాడు. "నీ చేతిలో పనే కదా. ఊళ్ళోవాళ్ళందరి కాగితాలూ సరిచేస్తావు, మన పిల్లవి చెయ్యవేం?"

ఆవిడకు కాగితాలంటే భయం కాదు. దత్తత అంటే పిల్లనూ అడగాలి, ఆ వయసు పిల్ల ఒప్పుకోలు లేకుండా కుదరదు. నన్ను అమ్మగా ఒప్పుకుంటావా అని అడగాలి. ఒక ఆదివారం ఇస్త్రీ చేస్తూ అడుగుదామని నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే ఉడుత, మడతపెట్టిన దుప్పటి ముక్కుకు ఆనించుకుని, "మా అమ్మ కూడా ఇదే సబ్బు వాడేది పిన్నీ" అంది. ఆ మాట చెప్పినప్పుడు పిల్ల మొహంలో వెలుగు చూసి ఆవిడ ఇస్త్రీపెట్టె వైపు తిరిగిపోయింది. పోయిన అక్క చోట్లో తను కూర్చోబోతున్నట్టు సిగ్గుపడింది. ఒకవేళ పిల్ల వద్దంటే? వద్దన్న తర్వాత ఒకే ఇంట్లో ఎలా మసులుకోవడం? ఇప్పుడు బాగానే ఉంది కదా, బాగున్నదాన్ని కదిలించడం ఎందుకు అనుకుంది. అలా అనుకుంటుండగానే పిల్లకు పద్దెనిమిది నిండాయి. దత్తతకు వయసు దాటిపోయింది.

ఉడుత భూగర్భశాస్త్రం చదువుతానంది. పిన్ని పనిచేసే యూనివర్సిటీలోనే సీటు వచ్చింది. ఆ రోజు బాబాయి పనిమధ్యలో లిఫ్టు ఆపేసి వచ్చి పిల్లను రెండు చేతులతో ఎత్తి తిప్పాడు. ఆవిడకు మాత్రం గుండెలో రాయి పడింది. ఆ ఫైలు ఎవరి బల్లమీదికి వస్తుందో ఆవిడకు కాక ఎవరికి తెలుసు?

సొంత మనుషుల ఫైలు తను చూడకూడదు. పక్క సీటావిడకు ఇచ్చేశారు. ఆమె ఈవిడ చేతికింద పని నేర్చుకున్న మనిషి. నాలుగు రోజులు ఇటువైపు తలెత్తి చూడలేదు. అయిదో రోజు టీ తెచ్చి బల్లమీద పెట్టి నిలబడింది.

"అక్కా, చాలా రకాలుగా చూశాను. పిల్ల ఉన్న ఏళ్ళన్నీ స్టూడెంట్ వీసా మీదే ఉన్నాయి. ఫారిన్ అనే రాయాల్సొచ్చింది. నువ్వయినా అలాగే రాసేదానివి కదా?"

"అలాగే రాసేదాన్ని" అంది ఆవిడ.

ఇంట్లో ఈ వార్త చెప్పినప్పుడు ఉడుత బెదిరిపోలేదు. "అప్పీలు ఉంటుందటగా పిన్నీ? వీసా మీద ఏమున్నా, వచ్చిన అసలు కారణం వేరని కమిటీకి తెలిస్తే మారుస్తారట. నువ్వొచ్చి చెబితే చాలు" అంది. పిల్లకు ఎంత నమ్మకమంటే, ఆ పూట రెండోసారి వడ్డించుకుని తింది.

అప్పీలుకు తేదీ పడేలోపల ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. క్యాంటీన్ వరసలో నిలబడ్డప్పుడు వెనక ఎవరో అన్నారు: "ఎంతమందిని వెనక్కి పంపిందీ! ఇప్పుడు చూద్దాం, తనదాకా వస్తే ఏం చేస్తుందో." ఇంకెవరో నవ్వారు. ఆవిడ వెనక్కి తిరగలేదు. కొడుకును వెంటబెట్టుకొచ్చి అరిచిన ఆ పెద్దమనిషి, అలాంటివాళ్ళే ఇంకా ఎందరో, ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళందరికీ ఒక న్యాయం, నా పిల్లకు ఒక న్యాయమా? ఆ ఆలోచన ఆవిణ్ణి పట్టుకుని వదల్లేదు. రాత్రింబవళ్ళు తనతో తనే వాదించుకుంది. ఆ వాదనలో ఎప్పుడూ తనలోని ఆఫీసరే గెలిచేది.

కమిటీ పై అంతస్తులో కూర్చుంది. పొడుగాటి బల్ల, నీళ్ళ గ్లాసులు, కిటికీ అవతల ఎవరో పచ్చిక కోస్తున్న మోత. ముగ్గురు సభ్యులు. మధ్యలో కూర్చున్నాయన న్యాయశాస్త్రం చెప్పే పెద్దాయన, మెత్తటి మనిషి. ఉడుత పిన్ని పక్కనే కూర్చుంది. జుట్టు నున్నగా దువ్వుకుని, బాబాయి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుంది.

పెద్దాయన పిల్లను నాలుగు మాటలు అడిగి ఈవిడవైపు తిరిగాడు.

"మీకు మేం రూలు చెప్పక్కర్లేదు మేడమ్. ఒకటే తెలుసుకోవాలి. ఈ అమ్మాయి మీ ఇంటికి ఎందుకు వచ్చింది?"



"స్కూల్లో సీటు తీసుకుని స్టూడెంట్ వీసా మీద వచ్చిందండి. దరఖాస్తు నేనే నింపాను. వచ్చిన కారణం చదువు అనే రాశాను" అంది.

"వీసా సంగతి ఫైల్లో ఉందండి. మీ ఉద్దేశం అడుగుతున్నాను. అమ్మాయి వాళ్ళమ్మ బతికి ఉంటే, చదువు కోసమని ఈ దేశం పంపించేవారా?"

తలుపు తీసిపెట్టి, రమ్మని దారి చూపిన ప్రశ్న అది. ఆవిడకు ఆ సంగతి తెలియకపోలేదు. కానీ పంపించేది కాదని ఒక్కమాట అంటే అది పక్షపాతమే అవుతుందనిపించింది. ఇన్నేళ్ళుగా ఎదుటి కుర్చీలోవాళ్ళు కన్నీళ్ళతో చెప్పిన ఉద్దేశాలన్నిటినీ "కాగితం ఉందా?" అని అడిగి పక్కన పెట్టిన మనిషి ఇప్పుడు తన ఉద్దేశాన్ని ఏ మొహంతో చెబుతుంది?

"అది ఊహ కదండీ. కాగితం మీద ఉన్నదే నేను చెప్పగలను. చదువు కోసమే వచ్చింది" అంది.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వేమైనా చెబుతావా తల్లీ?" అని పిల్లను అడిగాడు.

ఉడుత పిన్ని మొహంలోకి చూసింది. "లేదండి. పిన్ని చెప్పింది కదా" అంది.

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.  రెండు స్టాపులు దాటాక పిల్ల నెమ్మదిగా అడిగింది.

"నేను చదువుకోడానికే వచ్చానా పిన్నీ?"

"అది కాదమ్మా, రూలు అలా..."

"రూలు నేనడగలేదు."

ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకోబోయింది. పిల్ల చెయ్యి లాక్కోలేదు. కానీ ఆ చేతిలో ఏ కదలికా లేదు, సీటు మీద మరిచిపోయిన చేతితొడుగులా ఉంది.

ఇంటికొచ్చి జరిగింది చెబితే భర్త అన్నం ముందునుంచి లేచిపోయాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో భార్యమీద గొంతు పెంచని మనిషి, ఆ రోజూ పెంచలేదు.

"మా పిల్ల అని ఒక్కమాట అనలేకపోయావా?" అన్నాడు. "అబద్ధమాడమన్నారా నిన్ను? అది నిజమే కదా!"

అప్పీలు కొట్టేశారు. ఆయన అప్పు తెచ్చి ఆ మూడింతల ఫీజే కడతానన్నాడు. ఉడుత ఒప్పుకోలేదు. "అదే ఊళ్ళో, మనింట్లోంచి రోజూ నడిచెళ్ళి, ఫారిన్ స్టూడెంట్‌నని చదవలేను బాబాయ్" అంది. ఎక్కడెక్కడో వెతుక్కుంది. రైల్లో ఒక పగలంతా పట్టే ఊళ్ళో, బయటి దేశాల పిల్లలకు ఫీజు మాఫీ చేసే యూనివర్సిటీ ఒకటి దొరికింది. బయటి పిల్ల అన్న ముద్రే అక్కడ పనికొచ్చింది. పిన్ని దుప్పటీ స్వెట్టరూ సర్దిపెడితే, "థాంక్స్ పిన్నీ" అని తీసుకుంది. అంతకుముందు ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పుకోలేదు.

ఆ తర్వాత ఏడాది, క్యాంటీన్‌లో ఆవిడ ఒక్కతీ కూర్చుని ఉంటే కమిటీ పెద్దాయన ట్రే పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన రిటైరవుతున్నాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మీ అమ్మాయి ఎలా ఉంది?" అని అడిగాడు.

"బాగానే చదువుతోందండి. వేరే ఊళ్ళో."

ఆయన సూపు కలుపుతూ అన్నాడు: "ఆ రోజు మేం ముగ్గురం ఒప్పుకుందామనే కూర్చున్నామమ్మా. ఆ పిల్ల అక్కడ తల్లిపోయి ఇక్కడికి వచ్చిందని గుడ్డివాడికైనా తెలుస్తుంది. పెంచినవాళ్ళ నోటివెంట ఒక్కమాట రికార్డులో పడాలి, అంతే కావలసింది. మీరు అనలేదు. మేం ఏం చెయ్యగలం?"

ఆవిడ లేచి ట్రే తీసుకెళ్ళి పెట్టేసింది. గదికి వచ్చి తలుపు వేసుకుంది. మెట్లమీద ఎవరో దిగుతున్నారు, గోడ అదురుతోంది. ఇన్నేళ్ళూ తను నిలబెట్టుకున్నది న్యాయమా, నలుగురిలో మాటపడకూడదన్న భయమా అని మొదటిసారి తనను తాను అడిగింది. వచ్చిన జవాబు ఎవరికీ చెప్పలేదు.

ఆ మీదట పని మానేసిందీ లేదు, రూలు మార్చిందీ లేదు. బంధువుల ఇళ్ళలో పెరిగిన పిల్లలు వస్తే, దరఖాస్తులో అడగని సంగతులు కూడా ఓపిగ్గా అడిగేది. "మీ వాళ్ళని తీసుకురా, వాళ్ళతో మాట్లాడతాను" అనేది. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి, తొందరపెట్టకుండా కూర్చునేది. కొందరికి పని జరిగింది, కొందరికి జరగలేదు. పక్క సీటావిడ ఒకసారి, "అక్కా, నువ్వు మెత్తబడ్డావు" అంది. ఈవిడ నవ్వలేదు.

బాబాయి మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు ఉడుత వారం రోజులు సెలవు పెట్టుకుని వచ్చింది. అప్పటికి చదువు ముగించి, నేల పరీక్షలు చేసే కంపెనీలో ఉద్యోగంలో చేరింది. చేతులు గరుకుతేలాయి, మెడ ఎండకు కమిలింది. ఆసుపత్రిలో బాబాయిని నవ్వించీ నవ్వించీ నర్సుచేత తిట్లు తింది. ఇంట్లో పిన్నికి ఏ పనీ చెయ్యనిచ్చేది కాదు. ఒక సాయంత్రం వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నప్పుడు ఆవిడ ఇంక ఉండబట్టలేక అనేసింది.

"నిన్ను దత్తత తీసుకుందామనుకునేదాన్నే. అడగడానికి భయపడ్డాను. మీ అమ్మని మరిచిపొమ్మన్నట్టు ఉంటుందేమో, వద్దంటావేమో అని."

ఉడుత చేతిలోని గిన్నె తుడుస్తూనే ఉంది.

"అడుగుతావేమోనని చూసేదాన్ని పిన్నీ. బాబాయ్ నిన్ను అడగడం గోడ అవతలనుంచి వినేదాన్ని. ప్రతి పుట్టినరోజుకీ, ఈసారి అడుగుతుంది అనుకునేదాన్ని."

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని."

"ఇప్పుడు..." అని ఆవిడ ఆగిపోయింది.

"ఇప్పుడేముందిలే పిన్నీ" అంది ఉడుత. గొంతులో కోపం లేదు. తడిగుడ్డ పిండి దండెం మీద ఆరేసి, బాబాయికి మాత్రలిచ్చే వేళయిందని లోపలికి వెళ్ళింది.

ఆవిడ ఈ మధ్యే రిటైరయింది. ఆదివారాల్లో ఫోన్ వస్తుంది. ముందు బాబాయితో చాలాసేపు, తర్వాత పిన్నితో. కుశలాలు, వాన, కూరగాయల ధరలు. కిందటి ఆదివారం ఉడుత ఒక సంతోషవార్త చెప్పింది. ఉద్యోగం మీద ఈ దేశంలోనే స్థిరంగా ఉండిపోవడానికి అనుమతి దొరికిందట.

"మంచిమాట చెప్పావు తల్లీ" అంది ఆవిడ. తర్వాత, పాత ఉద్యోగపు అలవాటు కొద్దీ అడిగింది: "దానికి ఈ దేశంలో కావలసినవాళ్ళు ఎవరైనా సంతకం పెట్టాలిగా? నన్నడగలేదేం?"

"ఆఫీసులో మా మేడమ్ పెట్టేసింది పిన్నీ. నిన్ను శ్రమపెట్టడం ఎందుకని."

"అవునా. మంచిదే" అంది ఆవిడ. ఆ ఊళ్ళో చలి ఎలా ఉందని అడిగింది. ఉడుత చెబుతుంటే ఊఁ కొడుతూ, ఫోన్ ఇంకాస్త చెవికి అదుముకుంది.